ఇరవై నాలుగు ట్రేలు

తలుపుకి తాళం వేసి ఉంది. మెట్టు మీద మొక్కల ట్రే ఉంది. మనిషి లేదు.

సోమవారం ఉదయం ఏడున్నరకి ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి ముందు జీపు దిగింది. అప్పటికే గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. కనబడకుండా పోయిన మనిషికి సొంత చెల్లెలు. నాలుగు వీధుల అవతల టైలరింగ్ షాపు నడుపుతుంది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

"ఎప్పటి నుంచి కనబడటం లేదు?"

"నిన్న పొద్దున క్లబ్బు వాళ్లతో బస్సెక్కింది మేడం. రాగానే ఫోన్ చేస్తానంది. చెయ్యలేదు. ఇవాళ వచ్చి చూస్తే ఇదీ సంగతి."

"మీరు చేశారా?"

చెల్లెలు నంబరు నొక్కింది. తలుపు వెనకాల ఎక్కడో ఫోన్ మోగింది.

"మొక్కల దగ్గరికి ఫోను పట్టుకెళ్లదు. అది మోగితే మొక్కలు బెదురుతాయంటుంది."

ఇన్‌స్పెక్టర్ తన ఫోన్‌తో తలుపుని, తాళాన్ని, మెట్లని ఫోటో తీసింది. తాళం చెక్కు చెదరలేదు. చెల్లెలి దగ్గరున్న మారు తాళంచెవితో తలుపు తీసి లోపలికి వెళ్లింది. హెడ్ కానిస్టేబుల్ గుమ్మం దగ్గర కాపలా ఉన్నాడు. రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. స్టేషన్లో అందరూ హెడ్డుగారనే పిలుస్తారు.

లోపల పక్క మడత నలగలేదు. గ్యాసు కట్టేసి ఉంది. పోరాటం జాడలేమీ లేవు.

"మేడం, ఒక్కటి అడుగుతాను." చెల్లెలు గొంతు తగ్గించింది. "అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. అది బతికుందా లేదా, అది చెప్పండి చాలు. మిగతావి మీరు చూసుకోండి."

"దొరుకుతుందమ్మా" అంది ఇన్‌స్పెక్టర్. పోలీసులు ఆ మాట అలవాటుగా అంటారు. అలవాటుగా అన్నదాన్ని జనం గట్టిగా పట్టుకుంటారు.

తోటల క్లబ్బు గురించి కొంచెం చెప్పుకోవాలి. సభ్యులు ఇరవై నాలుగు మంది. నెలకో ఉపన్యాసం, ఏడాదికో విహారం, ఏడాది చివర టీ పార్టీ. పార్టీలో మొక్కలు ఇచ్చి పుచ్చుకుంటారు, కొత్త సెక్రటరీని ఎన్నుకుంటారు. చూడ్డానికి చాలా పద్ధతిగా ఉంటారు. ఒకరి పెరట్లో పువ్వు పెద్దదిగా పూస్తే మాత్రం ఇంకొకరికి అన్నం సయించదు. కనబడకుండా పోయినావిడ ఆరేళ్లుగా ఆ క్లబ్బుకి సెక్రటరీ.

ఆదివారం అందరూ కొండ మీది గార్డెన్‌కి వెళ్లారు. సాయంత్రం అందరూ తిరిగొచ్చారు. ప్రెసిడెంటు ఖాయంగా చెప్పాడు. ఆయన కళ్ల డాక్టరు.

"బస్సు ఎక్కేటప్పుడు నేనే లెక్క పెట్టానండీ. ఇరవై నాలుగు. ఒక్కటి తగ్గలేదు."

"సెక్రటరీ ఎక్కడ కూర్చున్నారు?"

"ముందు సీట్లో. ఎప్పుడూ అక్కడే."

ఊళ్లోకి వచ్చాక బస్సు ఒక్కొక్కరినీ దింపుకుంటూ వచ్చింది. చివరి స్టాపు ఈ వీధే. ఇక్కడ దిగాల్సింది ఇద్దరు. సెక్రటరీ, ఆవిడ పక్కింటి లెక్కల టీచరు. ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు వదినా అని పిలుచుకునే మనుషులు.

"ఆవిడ దిగడం మీరు చూశారా?"

"చూశాను" అంది టీచరు.

"తర్వాత?"

"ట్రే పట్టుకుని గేటు తీసుకుని లోపలికి వెళ్లింది. మెట్లు కూడా ఎక్కింది. నేను మా ఇంట్లోకి వెళ్లిపోయాను."

"మనిషి బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

జరిగిందేదో గేటుకీ తలుపుకీ మధ్య జరిగింది. ఇన్‌స్పెక్టర్ తల పైకెత్తి చూసింది. పై పోర్షన్‌లో ఒక బోర్డుల పెయింటర్ అద్దెకుంటున్నాడు. సెక్రటరీ మేడ మీది కుండీలకి నీళ్లు పోస్తే ఆ నీళ్లు కారి అతని బోర్డుల మీద పడతాయి. ఇద్దరికీ వారానికోసారి గొడవ. వీధి వీధంతా ఆ మాట చెప్పింది, అడిగిన దానికన్నా ఎక్కువే చెప్పింది.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే ఉన్నానండీ. పని చేసుకుంటున్నా."

"కింద గేటు చప్పుడైందా?"

"అయింది. ఒకసారి తీశారు, ఒకసారి వేశారు. అంతే."

"మనిషిని చూశావా?"

"లేదండీ."

పెయింటర్‌ని జీపెక్కించారు. పై పోర్షన్ వెతికారు. మేడ వెతికారు. వీధి చివరి పాడుబడ్డ బావిలో మనిషిని దింపారు. మంగళవారం గడిచింది. బుధవారం గడిచింది. పెయింటర్ ఒకటే మాట చెబుతున్నాడు. అతను పని చేస్తున్న షాపువాళ్లు ఇంక రావద్దని కబురు పంపారు. చెల్లెలు షాపు మూసేసి స్టేషన్ బెంచీ మీద కూర్చుంటోంది. ఎవరైనా బూట్ల చప్పుడుతో వస్తే లేచి నిలబడుతోంది. మళ్లీ కూర్చుంటోంది.

గురువారం ఉదయం ఇన్‌స్పెక్టర్ రిపోర్టు తయారు చేస్తోంది. తాళం ఇత్తడిదా ఇనుపదా అన్న దగ్గర ఆగి, ఫోన్లో సోమవారం నాటి ఫోటో తెరిచి చూసింది.

ఇత్తడిది. ఫోన్ పక్కన పెట్టబోయి ఆగింది.

ఫోటోలో కింద మెట్టు మీద ట్రే ఉంది. అందులో ఆరు ఫెర్న్ మొక్కలు. ఆరూ తలలు వాల్చేసి ట్రే అంచుల మీద పడి ఉన్నాయి.

అదే ట్రే ఇప్పుడు స్టేషన్ వరండాలో ఉంది. మొక్కలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"హెడ్డుగారూ, వీటికి నీళ్లు ఎవరు పోశారు?"

"నేనే మేడం. సోమవారం మీరు లోపలికి వెళ్లగానే పోశాను. పాపం, వాడిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి రోజూ పోస్తున్నా."

"నాతో అనలేదే?"

"మొక్కకి నీళ్లు పోశానని కూడా చెప్పాలా మేడం?"

ఇన్‌స్పెక్టర్ బెంచీ దగ్గరికి వచ్చింది.

"మీ అక్క కొత్త మొక్క ఇంటికి తెస్తే ముందు ఏం చేస్తుంది?"

"నీళ్లు పోస్తుంది మేడం. చెప్పులు కూడా విప్పదు. గేటు పక్కనే కుళాయి పెట్టించుకుంది అందుకే. క్లబ్బులో మాట్లాడమంటే ప్రతి ఏడూ ఆ ముక్కే చెబుతుంది. కొత్త మొక్క ఇంటికొస్తే ముందు దాని దాహం తీర్చి తర్వాత మన దాహం చూసుకోవాలని."

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుంది. జీపు తీయమంది.

కొండ మీది గార్డెన్ వెనక ఒక రాతి కట్ట ఉంది. కట్ట రాళ్ల సందుల్లో అడవి ఫెర్నులు మొలిచి ఉన్నాయి. ఒకచోట నాచు మీద చెప్పు జారిన గీత ఉంది. కట్టకి అవతల లోతైన వాగు. మధ్యాహ్నం ఒంటిగంటకి హెడ్డుగారు తాడు పట్టుకుని దిగాడు. కాసేపటికి కింది నుంచి చెయ్యి ఊపాడు. గబగబా ఊపలేదు. అది చూసి పైనున్నవాళ్లకి అర్థమైంది.

ఆవిడ కాలు విరిగింది. చీర చెంగుకి చిన్న ఫెర్న్ మొక్క వేళ్లతో సహా ముడివేసి ఉంది. అదీ ఎండిపోయింది.

పోస్ట్‌మార్టం రిపోర్టు శుక్రవారం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివింది. పెయింటర్‌ని వదిలేశారు. అతను ఎవరినీ ఏమీ అనలేదు. సామాను రిక్షాలో వేసుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

ఆదివారం క్లబ్బు టీ పార్టీ. హాలు ముందే మాట్లాడుకున్నారు కాబట్టి మానలేదు. సంతాప సభ అని ఇంకో పేరు చేర్చారు. ముందు రెండు నిమిషాల మౌనం, తర్వాత వేళ్లు కుళ్లకుండా చూసుకోవడం మీద ఉపన్యాసం, తర్వాత టీ, తర్వాత ఎన్నిక. సెక్రటరీ పదవికి లెక్కల టీచరు ఒక్కతే నిలబడింది.

మౌనం అయ్యాక ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చింది. వెనక చెల్లెలు. ఆ వెనక హెడ్డుగారు, చేతిలో ట్రేతో.

"డాక్టరుగారూ, ఆ రోజు బస్సులో మీరు మనుషుల్ని లెక్క పెట్టారా?"

"పెట్టాను కదండీ. ఇరవై నాలుగు."

"మనుషుల్నా?"

ప్రెసిడెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వచ్చేటప్పుడు బస్సు నిండా అక్కడ కొన్న మొక్కలేనండీ. ఒళ్లో ట్రే, ట్రేలో ఆకులు. మొహాలు కనబడవు. ట్రేలు లెక్క పెడతాం. మూడేళ్ల కింద ఒకరి ట్రే గార్డెన్‌లో మర్చిపోయి వచ్చాం. ఆ గొడవ మూడు మీటింగులు నడిచింది. అప్పటి నుంచి ఇదే పద్ధతి. ఎవరి ట్రే వాళ్లే మోసుకుంటారు కాబట్టి..."

"ఎప్పుడైనా మనిషిని మర్చిపోయారా?"

"లేదు. అలాంటిది ఎప్పుడూ జరగలేదు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. హెడ్డుగారు ట్రేని టీ కప్పుల పక్కన పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూపించింది.

"సోమవారం ఉదయం ఇది సెక్రటరీగారి మెట్టు మీద ఉంది. మొక్కలు నీళ్లు లేక వాలిపోయి ఉన్నాయి. గేటు పక్కనే కుళాయి. ఆవిడ సంగతి మీ అందరికీ తెలుసు. ఆవిడే గనక గేటు తీసి ఉంటే, ముందు వీటి మీద నీళ్లు పడాలి. పడలేదు. అంటే ఆ గేటు తీసింది ఆవిడ కాదు. ఆవిడ అసలు బస్సే ఎక్కలేదు. ట్రే ఒక్కటే ఎక్కింది."

ఇన్‌స్పెక్టర్ లెక్కల టీచరు వైపు తిరిగింది.

"మెట్లెక్కడం చూశానన్నారు మీరు."

టీచరు ట్రే వంక చూసింది. తర్వాత మొదలుపెడితే ఆగలేదు.

"భోజనాల దగ్గర మాటా మాటా వచ్చింది. ఈసారి సెక్రటరీగా నేను నిలబడతానన్నాను. నీకు చేతకాదంది. నలుగురిలో అంది. బయల్దేరే ముందు కట్ట దగ్గర ట్రే నా చేతిలో పెట్టి, నడువు వదినా, ఒక్క నిమిషంలో వస్తానంది. ట్రే తీసుకెళ్లి ముందు సీట్లో పెట్టి, నేను వెనక సీట్లోకి పోయి కూర్చున్నా. మొహం చూడదల్చుకోలేదు. మన వీధిలో దిగుతూ చూస్తే సీట్లో ట్రే ఉంది, మనిషి లేదు. మెయిన్ రోడ్డు మీదే దిగిపోయి, నాతో మొయ్యించుకోవాలని వదిలేసిందనుకున్నా."

"నీళ్లెందుకు పొయ్యలేదు?"

"ఆ మొక్కలకి నేనెందుకు పొయ్యాలి అనుకున్నాను." ఆమె తల దించుకుంది. "కుళాయి పక్కనుంచే వెళ్లాను."

"సోమవారం నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"దారంతా మాట్లాడుకోలేదని చెప్పాలి కదా. పదవి కోసం పోట్లాడుకున్నారని ఊరంతా అనుకుంటుంది కదా. సాయంత్రానికి అదే వచ్చేస్తుందిలే, ఎక్కడికి పోతుంది అనుకున్నా. మర్నాడు చెబుదామనుకున్నా. అప్పటికే ఆ పెయింటర్‌ని తీసుకెళ్లారు. ఇంక నోరు రాలేదు."

"మర్నాడంటే మంగళవారం."

"అవును."

"మంగళవారం సాయంత్రం దాకా ఆవిడ బతికే ఉంది."

ఎవరో టీ కప్పు కింద పెట్టారు. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. ఉపన్యాసం చెప్పడానికి వచ్చినాయన తన కాగితాలు మెల్లగా సంచీలో పెట్టుకున్నాడు.

"నా మీద ఏం కేసు పెడతారు?" అంది టీచరు.

"పోలీసులకి అబద్ధం చెప్పినందుకు కేసు. అంతకన్నా పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు."

హెడ్డుగారు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. చెంబెడు నీళ్లతో ఆ వాడిన గుర్తు చెరిపేసిన పాపానికి ఆయనకి ఏ శిక్షా లేదు. ఉండి ఉంటే బాగుండేదని ఆయనకే అనిపిస్తోంది.

చెల్లెలు అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉంది. ఇప్పుడు ముందుకొచ్చింది. మెడలో టేపు లేదు.

"మేడం, అక్క అరిచిందా? ఎవరికీ వినబడలేదా?"

ఇన్‌స్పెక్టర్ ఈ ప్రశ్న వస్తుందని భయపడుతూనే వచ్చింది.

"గార్డెన్ వాచ్‌మన్ విన్నాడు. సోమవారం పొద్దున. కింది దారిలో పిక్నిక్‌కి వచ్చినవాళ్లెవరో ఇంట్లోవాళ్లని పిలుచుకుంటున్నారు అనుకున్నాడు."

"ఎవర్ని పిలిచింది? నన్నా?"

ఇన్‌స్పెక్టర్ టీచరు వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించింది. కుదరలేదు.

"వదినా, వదినా అని పిలిచిందటమ్మా. మధ్యాహ్నం దాకా."

టీచరు కుర్చీ చేయి పట్టుకుంది. కూర్చోలేకపోయింది. నిలబడలేకపోయింది. ఆమె పక్కనున్న ఇద్దరూ కాస్త జరిగారు.

చెల్లెలు ఆమె వంక చూడలేదు. హాలంతా చూసింది. కళ్ల డాక్టరుని చూసింది, వరసగా కూర్చున్న సభ్యులందరినీ చూసింది. గొంతు పెంచలేదు.

"బస్సు కదిలేముందు మీలో ఎవరైనా మా అక్కని పిలిచారా?"

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ట్రేలు లెక్కపెట్టుకోండి, తప్పులేదు. పిలిచారా అని అడుగుతున్నా. ఒక్కసారి."

ప్రెసిడెంటు కళ్లజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

చెల్లెలు టేబుల్ దగ్గరికి వెళ్లి ట్రే తీసుకుంది. కేసు అయ్యేదాకా అది ఇవ్వకూడదు. ఇన్‌స్పెక్టర్ వద్దనలేదు.

గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది.

"మా అక్క ఒక్క పిలుపుకే పలికేది" అని చెప్పి వెళ్లిపోయింది.