వేడి చేసిందంటే

మధ్యాహ్నం పన్నెండున్నరకి రెంటచింతల వీధులు జనంతో కిటకిటలాడుతున్నాయి. ఎండ యాభై మూడు డిగ్రీలు. పొట్టలో జఠరిక ఉన్నవాళ్లు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. బియ్యపు గింజంత ఉండే ఆ యంత్రం పేగుల్లో కూర్చుని, ఒళ్లు కాగకముందే చలువసారాన్ని బొట్టుబొట్టుగా వదులుతుంది. తిన్నది అరిగిస్తుంది, మంట పుడితే పుట్టినచోటే ఆర్పేస్తుంది. లోపల ఎలా ఉన్నదీ మణికట్టు మీది పలకలో కనిపిస్తుంది. పచ్చగా వెలిగితే లోపం లేనట్టు. ఈమధ్య ఎవరి పలకా పచ్చరంగు దాటలేదు.

బస్టాండు పక్కన జఠరికలు అమర్చే కేంద్రం ఉంది. ఒకప్పుడు అక్కడ హనుమాయమ్మ చలివేంద్రం ఉండేది. పంతొమ్మిది వేసవులు ఆవిడ ఆ తాటాకు పందిరి కింద నిలబడి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మజ్జిగ పోసింది. ఇప్పుడు కేంద్రం గోడ మీద ఆవిడ ఫొటో ఉంది. దాని కింద ‘ఇదంతా మీ చలువే’ అని రాసి ఉంది. అటుగా వెళ్లినప్పుడల్లా ఆవిడ దాన్ని ఓ క్షణం ఆగి చూసుకునేది. మనిషన్నాక ఆ మాత్రం మురిపెం ఉంటుంది.

ఆ మాట వాళ్లు ఊరికే రాయలేదు. యంత్రం తయారుచేసినవాళ్లు ఆరు నెలలు ఆవిడ చుట్టూ తిరిగారు. మజ్జిగ ఎంత పల్చగా ఉండాలి, కుండలో గంజి పులిసి తరవాణి కావడానికి ఎన్నాళ్లు పడుతుంది, రాగి అంబలి పొద్దున్నే ఎందుకు తాగాలి, సబ్జా గింజలు ఎంతసేపు నానాలి, మెంతులు పెరుగులో వేస్తే కడుపునొప్పి ఎందుకు తగ్గుతుంది, అన్నీ అడిగి రాసుకున్నారు. మనిషి వచ్చి వేడి చేసిందంటే ఎలా గుర్తుపడతారని కూడా అడిగారు. నోరు పూస్తుంది, కళ్లు మండుతాయి, కడుపులో మంటగా ఉంటుంది, ఒంటికి వెళ్తే చురుక్కుమంటుంది అని హనుమాయమ్మ వేళ్లు మడిచి చెప్పింది. వాళ్లు ఆ నాలుగూ యంత్రానికి నేర్పారు.

ఆవిడ భర్త పేరయ్య సున్నపురాయి క్వారీలో మేస్త్రి. జఠరికలు రాకముందు పదకొండింటికల్లా నీడగంట మోగేది. నాలుగింటిదాకా ఎవరూ రాయి ముట్టుకునేవారు కాదు. జఠరికలు వచ్చిన ఏడాదే ఆ గంట తీసేశారు. ఎండ తగలని మనిషికి నీడెందుకని పైవాళ్ల వాదన.

పేరయ్య మాటకారి కాదు. పెళ్లయిన కొత్తలోనే ఆ సంగతి హనుమాయమ్మకి తెలిసిపోయింది. ఏ సాయంత్రమో వచ్చి గడపలో కూలబడి వేడి చేసిందనేవాడు. ఆవిడ అల్లం దంచి, కరివేపాకు నలిపి, ఉప్పేసిన మజ్జిగ చెంబుతో తెచ్చి ఎదురుగా కూర్చునేది. మొదటి గ్లాసుకి ఏమీ ఉండదు. రెండో గ్లాసు సగంలో ఏదో ఒకటి బయటపడేది. తమ్ముడు అన్న మాట, సూపర్‌వైజరుతో గొడవ, పెద్దపిల్ల పోయిన సంగతి. ఆ పిల్ల పోయినప్పుడు ఆయన వారం రోజులు మజ్జిగ తాగాడు. కళ్లు ఎర్రబడితే వేడి అన్నాడు, ఎవరూ కాదనలేదు. తాగాక మనిషి తేలికపడేవాడు. అది మజ్జిగ గుణమనే హనుమాయమ్మ నమ్మింది. అందుకే యంత్రం వాళ్లకి కూడా మజ్జిగ గురించే చెప్పింది.

గడిచిన వైశాఖంలో పేరయ్య ఒకరోజు పని నుంచి వచ్చి ఎప్పటిలాగే గడపలో కూర్చున్నాడు.

“ఎందుకో వేడి చేసినట్టుందే,” అన్నాడు.

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని పలక చూసింది. “పచ్చగానే ఉంది గదయ్యా. నీకేం లేదు,” అంది. తన చలువ ఆయన పొట్టలో పనిచేస్తోందని సంతోషంగానే అంది. మర్నాడూ ఆయన అదే అన్నాడు, ఆవిడ అదే చూసి చెప్పింది. మూడోరోజు కూడా అంతే. యంత్రం అబద్ధమాడదులే అని ఆయన లేచి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు.

పదహారో రోజు మధ్యాహ్నం క్వారీలో లారీ నీడన కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఇంటికి తెచ్చినప్పుడు మణికట్టు మీద పలక ఇంకా పచ్చగానే వెలుగుతోంది. గుండె సంగతి చూడటం జఠరిక పని కాదట.

దినం నాడు క్వారీ నుంచి సైదులు వచ్చాడు. పేరయ్య కింద పదేళ్లు పనిచేసినవాడు. భోజనం పెట్టినా చెయ్యి పెట్టకుండా విస్తరి ముందు కూర్చుని జరిగింది చెప్పాడు. చైత్రం ఆఖరున ఏసోబు అనే కూలీ పొద్దున హాజరు దగ్గరికి వచ్చి, వేడి చేసింది, ఇవాళ్టికి వదిలెయ్యి మేస్త్రీ అని అడిగాడు. వెనకటి రోజులైతే పేరయ్య సరేననేవాడు, ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు పలక పచ్చగా ఉన్నవాణ్ని ఇంటికి పంపే అధికారం మేస్త్రికి లేదు. పేరయ్య ‘అర్హుడు’ అని ముద్ర వేశాడు. ఏసోబు భార్య ముందురోజే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం రాయి పేల్చే ముందు వేసే కూత అందరికీ వినిపించింది, వాడికి వినిపించలేదు. రాళ్ల కింద నుంచి వాణ్ని తీసింది పేరయ్యే.

“రోజూ మీతో చెప్తాననేవోడమ్మా,” అన్నాడు సైదులు. “ఇంటికి పోయి మా ఆడమనిషితో చెప్పుకుంటే గానీ తీరదురా అనేవోడు. చెప్పనే లేదా?”

హనుమాయమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

“చెప్పాడయ్యా,” అంది. “మూడుసార్లు చెప్పాడు.”

సైదులు వెళ్లాక ఆవిడ వంటింట్లోకి వెళ్లి పాత చెంబు దించి కడిగింది. మజ్జిగ చేద్దామంటే పాలు తోడుకోవాలి, తోడు పెట్టడానికి, జఠరికలొచ్చాక ఊళ్లో ఎవరింట్లోనూ చెంచాడు పెరుగు లేదు. ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని గడపలో, ఆయన కూర్చునే చోటే కూర్చుంది. వచ్చినవాళ్లని సాగనంపి చిన్నకూతురు హిమజ లోపలికి వచ్చింది. తల్లి మొహం చూసి పక్కన చతికిలబడి ఏమైందని అడిగింది.

చెప్పాలని హనుమాయమ్మ నోరు తెరిచింది. నలభై ఏళ్లు ఆ ఇంట్లో అలాంటిది చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది. ఆవిడకీ అదే వచ్చింది.

“వేడి చేసిందే, తల్లీ.”

హిమజ తల్లి చేతిని ప్రేమగా ఒళ్లోకి తీసుకుంది. మణికట్టు తిప్పి పలక చూసింది. మొహంలో దిగులు తేలికైంది.

“ఏం లేదమ్మా, పచ్చగానే ఉంది,” అని చెయ్యి నిమిరి, గిన్నెలు సర్దడానికి లోపలికి వెళ్లింది.