మైనస్‌లో తూగిన లారీ

శశిభూషణ్, హరిచందనల పరిచయమే పోట్లాటతో మొదలైంది. రాజమండ్రి కంప్యూటర్ సెంటర్లో ఆమె టైములో, ఆమె సిస్టమ్ ముందు కూర్చుని, "మీ పేరేమన్నా రాసుందాండీ దీనిమీద?" అన్నాడు వాడు. మానిటర్‌కి అంటించిన చీటీ చూపించింది. రాసే ఉంది.

అంత వెటకారపు మనిషికి అలా జవాబు చెప్పే పిల్ల దొరికితే ఇంకేముంది, బోర్లా పడిపోయాడు. సారు ఇద్దరినీ ఒకే ప్రాజెక్టులో వేశారు. ఓ రైస్ మిల్లుకి ధాన్యం లారీల బరువులు కూడే ప్రోగ్రాం. సి అనే కంప్యూటర్ భాషలో చెరి సగం రాయాలి. బరువు ఏ రకం అంకె అవ్వాలో, తేదీ ఏ రకం అవ్వాలో ఒక్క హెడర్ ఫైల్లో రాసుకుని, ఇద్దరూ దాన్నే ఇంక్లూడ్ చేసుకోవాలి.

శశి మాత్రం తన ఫ్లాపీలో ఆ హెడర్‌కి దొంగ కాపీ ఒకటి పెట్టుకున్నాడు. ఆమె బరువుకి పెద్ద పెద్ద అంకెలు పట్టే లాంగ్ అని పెడితే, వీడు ముప్ఫై రెండు వేల చిల్లర దాటితే మైనస్‌లోకి తిరిగిపోయే ఇంట్ అని మార్చాడు. తన సగం కంపైల్ చేసేసి, మిషన్‌కి మాత్రమే అర్థమయ్యే రూపంలో ఇచ్చేవాడు కాబట్టి ఆమెకి కనబడదు. రెండూ కలిపితే మాత్రం లారీల మొత్తం మైనస్‌లో వచ్చేది. ప్రాజెక్టు అయిపోతే ఆ పిల్ల కొవ్వూరు నుంచి రావడం మానేస్తుందని వీడి భయం.

హెడర్ ఏమన్నా మార్చారా అని చందన ఎన్నిసార్లడిగినా, లారీయే గాల్లో తేలుతోందేమోనండీ అని నవ్వించేవాడు. ఆఖరి రోజు సరిచేసి ఇచ్చేద్దామనుకున్నాడు.

మిల్లు యజమాని చెప్పినదానికంటే ఒకరోజు ముందే దిగబడ్డాడు. శశి లేడు. చందన ఒక్కతే చూపించింది. మైనస్ చూసి ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సోమవారం చందన వానలో తడుస్తూ వచ్చింది. శశి తన చిలిపిపని చెప్పేసి, "మిమ్మల్ని రోజూ చూడ్డానికేనండీ. మీరంటే ఇష్టమండీ," అన్నాడు.

ఆమె వాడి ఫ్లాపీ తీసుకుని, అసలు హెడర్ పెట్టి వాడి సగాన్ని మళ్లీ కంపైల్ చేసింది. మొత్తం సరిగ్గా వచ్చింది.

"వస్తోందండీ," అంది నెమ్మదిగా. "లెక్క సరిగ్గా వస్తే మిల్లులో ఉద్యోగమిస్తానన్నారు ఆయన. ఆ ఉద్యోగమొస్తే పాలకొల్లు సంబంధం వద్దనేస్తానన్నారు నాన్నగారు. నిన్న తాంబూలాలు పుచ్చేసుకున్నారు."

"నాకు చెప్పలేదేంటండీ?"

"ఉద్యోగమొచ్చాక మీ గురించి ఇంట్లో చెబ్దామనుకున్నానండీ. ముందే మీకు చెబితే వేళాకోళం చేస్తారని ఊరుకున్నా."

వాడేమన్నా అంటాడేమోనని ఆమె ఫ్లాపీ వాడి చేతికిచ్చి, వాడి మొహంలోకి చూసింది. తర్వాత చున్నీ తలమీద కప్పుకుని, వానలోనే కొవ్వూరు బస్సుకి వెళ్లిపోయింది.