పేరున ఒక మునక

ఒకరు నీళ్లలో మునిగితే ఆ పుణ్యం ఇంకొకరికి దక్కుతుందా? ఈ సందేహం కూర్మారావు మాస్టారిని ముప్పై ఏళ్లుగా అంటిపెట్టుకుని ఉంది. యాత్రా విద్య చదవడానికి సిక్కోలు దగ్గరి పల్లె నుంచి రాజమండ్రి బయలుదేరిన రోజున, పొరుగింటి అప్పలనరసమ్మ ఆయన చేతిలో నువ్వుల జీళ్ల పొట్లం పెట్టింది. "గోదాట్లో నా పేరున ఓ మునక ఎయ్యి నాయినా. నానెలాగూ రాలేను" అంది. సరేనన్నాడు. నది పక్కనే కాపురం పెట్టినవాడికి రేపు అనేది ఎప్పుడూ ఉంటుంది. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్లయింది.

కార్తీక సోమవారం, ఉదయం ఎనిమిది. ఒకప్పుడు ఈపాటికి రేవులో కాలు పెట్టే సందుండేది కాదు. ఇప్పుడు మెట్ల మీద ఇద్దరే ఉన్నారు, మాస్టారూ ఆయన విద్యార్థిని హైమా.

గడపయాత్ర వచ్చాక జనం ఇల్లు కదలడం మానేశారు. నుదుటిపట్టీ కట్టుకున్న యాత్రాధారి ఒకరు నదిలో దిగితే చాలు. నలభై వేల ఇళ్లలో పట్టీ కట్టుకుని కూర్చున్నవారికి ఆ చలి, కాలికింద ఆ నాచు, ముక్కుకి ఆ ధూపం అందుతాయి. మంచాన పడ్డవాళ్లు కూడా కాశీ చూస్తున్నారు. అది చెడ్డదని మాస్టారు ఏనాడూ అనలేదు.

చిక్కల్లా ఒక్కటే. యాత్రాధారి మనసులో సొంత తలపు మెదిలితే అదీ అన్ని ఇళ్లకూ పోతుంది. అందుకే యాత్రా విద్యాలయంలో ఇప్పుడు క్షేత్రాల చరిత్రా, సత్రాల వివరాలూ చెప్పడం లేదు. తలపు అణచడం నేర్పుతున్నారు. ఇరవై రెండేళ్లుగా అది నేర్పుతున్నది కూర్మారావే.

తలపు అణిచే ఈ పరీక్ష హైమ మూడుసార్లు తప్పింది. వాళ్ల నాన్న పాపికొండల లాంచీ నడిపే సరంగు. లాంచీలు ఆగిపోయాక ఒడ్డునే కూర్చుని కూర్చుని పోయాడు. నీళ్లలో దిగగానే ఆ పిల్లకి ఆయన గుర్తొచ్చేవాడు. పోయినసారి, తమ ఇంట్లో చిన్నపిల్లలు కారణం లేకుండా ఏడ్చారని పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. ఇవాళ నాలుగోసారీ తప్పితే విద్యాలయంలో చోటుండదు.

"ఈసారి మీ నాన్న రాడు కదా?" అన్నాడు మాస్టారు.

"రారండి. వస్తున్నట్టనిపిస్తే మీరు చెప్పినట్టే మెట్లు లెక్కపెట్టుకునేదాన్ని. వినాయక చవితి తర్వాత ఇంక రాలేదండి."

ఆ మాట దగ్గర ఆయన ఆగవలసింది. శిష్యురాలు పాఠం ఒంటబట్టించుకుందని సంతోషించాడు.

హైమ దిగి మూడు మునకలు వేసి వచ్చింది. మాస్టారి చేతిలోని కొలతపలక మీద సొంత తలపు సున్నా అని పడింది. ఇన్నేళ్లలో ఎవరికీ సున్నా రాలేదు.

"ఉద్యోగం వచ్చేసినట్టేనాండీ?"

"వచ్చేసినట్టే. పట్టీ తీసెయ్యమ్మా. ఇప్పుడు మీ నాన్న పేరున ఒకటి వెయ్యి. దీనికి మార్కుల్లేవులే."

ఆమె మళ్లీ దిగి, మునిగి వచ్చింది.

"నీళ్లు చల్లగా ఉన్నాయండి" అంది.

"ఇంకా?"

"నాచుందండి." కొంగు పిండుకుంది. "నాన్న పేరు పైకే అన్నానండి. హాజరు పట్టీలో పేరు చదివినట్టుంది. ఏడుపొస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డానండి. రాలేదు. కొన్నాళ్లకి సర్దుకుంటుందాండీ?"

ఇలాంటి మాట మాస్టారు ఇదివరకూ విన్నాడు. ఆరేళ్ల కిందట ఒక శిష్యుడి తల్లి వచ్చి, "మావాడు ఇంటికొచ్చినా వచ్చినట్టుండట్లేదు బాబూ" అంటే, కొత్త ఉద్యోగం కదా, ఓపిక పట్టమన్నాడు. పట్టీ చేసినవాళ్లు యాత్రాధారుల కళ్లు పరీక్షించారు, నిద్ర పరీక్షించారు, నెత్తురు పరీక్షించారు. అణిచిన తలపు ఎక్కడికి పోతుందో ఎవరూ చూడలేదు. ఆయన చేతిమీదుగా మూడొందలమంది వెళ్లారు.

భగవంతుణ్ణి తలుచుకోబోయాడు. ఏమని అడగాలో తోచలేదు. ఇన్నేళ్లూ పిల్లలకి చేసి చూపించడానికి తన తలపులూ అణుస్తూనే వచ్చాడు కదా అన్నది అప్పుడు తట్టింది. అప్పలనరసమ్మ ముఖం కోసం వెతికాడు. ముక్కుపుడక ఏ వైపునుండేదో గుర్తు రాలేదు. గొంతు కొంచెం మిగిలింది, పొట్లంలోని నువ్వుల వాసన మిగిలింది.

అవీ పోకముందే చెప్పులు విడిచి, బట్టలతోనే మెట్లు దిగాడు. మెట్లు లెక్కపెట్టలేదు. మొలలోతున నిలబడి, "అప్పలనరసమ్మ పేరున" అని పైకే చెప్పి మునిగాడు.

తేలేసరికి హైమ చివరి మెట్టు మీద ఉంది.

"ఎవరండీ ఆవిడ?"

"మా పొరుగావిడ. ఒక మునక ఉండిపోయింది."

"ఆవిడకి అందిందాండీ?"

ఆయన ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు.

"వేశానమ్మా" అన్నాడు.