పిడికెడు బియ్యం యాడికి పోతుంది?

శనివారం. పొయ్యి వెలిగించే వేళయింది, కరెంటు మాత్రం ఇంకా రాలేదు. ప్రీతిక వంటింటి గడప మీద కూర్చుని పాత క్యాలెండర్ అట్టతో విసురుకుంటోంది.

పొద్దున లేచినప్పటి నుంచి ఆ పిల్లకు ఏదీ నచ్చలేదు. ఇడ్లీ గట్టిగా ఉందంది. వాన వస్తుందని బడికి సెలవిచ్చారు, తీరా చూస్తే ఎండ కాస్తోందని గొణిగింది. పక్కింటి కార్తిక వాళ్ళకు ఇన్వర్టర్ ఉంది, మనకెందుకు లేదని అడిగింది. అమ్మ జవాబు చెప్పేలోపే, విసురుకుంటే చెయ్యి నొప్పి పుడుతోందని ఇంకో మాట అంది.

“నీ నోట్లో ఎవరన్నా కంప్లయింట్ ఆఫీసు తెరిచినారేంది?” అంది అమ్మ. “లేచి బియ్యం కొలువు. ముందు పిడికెడు తియ్యి.”

వాళ్ళింట్లో అదొక అలవాటు. అన్నం వండే ప్రతిసారీ, ఇంటికి బియ్యం కొలిచే ముందు దేవుని పేర ఒక పిడికెడు తీసి నీలం మూత డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాను చర్చికి తీసుకుపోయి, తలుపు పక్కన ఉండే పెద్ద సంచిలో పోసి వస్తారు. చర్చికి వచ్చే చాలా ఇళ్ళలో ఇలాగే చేస్తారు.

అమ్మ ఆరిన బట్టలు తేవడానికి మిద్దె మీదికి పోయింది. ప్రీతిక పిడికెడు బియ్యం తీసి డబ్బా మూత లాగింది. మూత రాలేదు. విసుగ్గా ఇంకోసారి లాగింది. మూత వచ్చింది, దాంతోపాటే డబ్బా చేతిలోంచి జారి బోర్లా పడింది. వారమంతా వేసిన బియ్యం నేల మీద చెల్లాచెదురైంది.

వాళ్ళ వంటింటిది పాత ఎర్ర సిమెంటు నేల. అక్కడక్కడా పెచ్చులు లేచి ఉంది. ప్రీతిక చీపురుతో ఊడిస్తే బియ్యం, దుమ్ము, ఎర్ర పెచ్చులు అన్నీ ఒకే కుప్పగా వచ్చాయి. ఏరాలంటే చాలాసేపు పడుతుంది. తమ బియ్యంలో కలిపితే తామే తినాలి. ఆ పిల్ల మేడ మెట్ల వైపు ఒకసారి చూసి, కుప్పనంతా చేటలోకి ఎత్తి నీలం మూత డబ్బాలో పోసేసింది.

‘ఎవరో తింటార్లే’ అనుకుంది.

మూత బిగిస్తుంటే ఎక్కడి నుంచో ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. ఎవరు? ఇన్నేళ్ళుగా పిడికెడు పిడికెడు వేస్తూనే ఉంది. ఆ బియ్యం సంచిలోంచి యాడికి పోతుందో ఏనాడూ అడగలేదు.

నాన్న మేట్టుపాళయంలో ఫ్యాక్టరీ పని ముగించుకుని భోజనానికి వచ్చాడు. తినే ముందు ముగ్గురూ కళ్ళు మూసుకుని, తలా ఒక మేలు తలుచుకుని దేవునికి స్తోత్రం చెప్పాలి. బస్సులో సీటు దొరికినందుకు నాన్న చెప్పాడు. బట్టలు తొందరగా ఆరినందుకు అమ్మ చెప్పింది. ప్రీతిక ఎప్పటిలాగే, “అన్నిటికీ స్తోత్రం, ఆమెన్,” అని ఒక్క గుక్కలో ముగించింది. కళ్ళు తెరవగానే అన్నం మెత్తబడిందని చెప్పింది.

మరునాడు ఆరాధన అయ్యాక ప్రీతిక డబ్బాను సంచిలోకి వంచింది. బియ్యంతోపాటు ఏదో టకటకమని పడింది. ఎవరన్నా విన్నారేమోనని చుట్టూ చూసి, సంచిలోకి తొంగిచూసింది. సన్న బియ్యం, లావు బియ్యం, పసుప్పచ్చవి, గుండ్రటివి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నిన్నటి ప్రశ్న మళ్ళీ లేచింది.

సంచి మూతి కట్టడానికి పాస్టరమ్మ వచ్చింది. ఆమెను అడిగేసింది.

“పాస్టరమ్మా, ఈ బియ్యం యాడికి పోతుంది?”

పాస్టరమ్మ నవ్వింది. “ఈ వారం మరగతమవ్వ ఇంటికి. సంచి ఇంకో పక్క పట్టుకో, నువ్వే చూద్దువు.”

మరగతమవ్వ ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. ఒకటే గది. ఒకప్పుడు ఆ అవ్వ సముద్రం ఒడ్డునున్న వీరాంపట్టినం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని టౌనంతా తిరిగి అమ్మేదట. ఇప్పుడు మోకాళ్ళు లేవనివ్వవు, కళ్ళు సరిగా ఆనవు. అడుగుల చప్పుడు విని, తలుపు వైపు తిరిగి నోరారా నవ్వింది.

ఆ నోట్లో పళ్ళు రెండే ఉన్నాయి. పైన ఒకటి, కింద ఒకటి, ఎదురెదురుగా.

ఆ పళ్ళు చూడగానే ప్రీతిక చేతిలోని సంచి వైపు చూసింది. ఎవరో తింటారు అనుకున్న ఆ ఎవరో ఈ అవ్వేనా? ఎర్ర పెచ్చు ఆ రెండు పళ్ళ మధ్య పడితే?

వచ్చినోళ్ళు తినకుండా పోకూడదని అవ్వ పట్టుబట్టింది. బియ్యం తాను ఏరి ఇస్తానని ప్రీతిక అడిగి మరీ చేట అందుకుంది. ఎంత పనిమంతురాలో అని పాస్టరమ్మ మెచ్చుకుంటే తల వంచుకుంది. వెలుతురు కోసం గుమ్మం దగ్గర కూర్చుని వేళ్ళతో గాలించింది. ఒక పెచ్చు దొరికింది. ఇంకొకటి దొరికింది. రెండూ ఎడమ గుప్పిట్లో దాచుకుంది. ‘చెప్పెయ్’ అని మనసు ఒకటే పోరు. చెబితే పాస్టరమ్మకు తెలుస్తుంది, ఆమె నుంచి అమ్మకు తెలుస్తుంది. ఇక పెచ్చులు లేవులే అని తనకు తానే చెప్పుకుని చేట తెచ్చి ఇచ్చింది.

అవ్వ వెంటనే బియ్యం కడగలేదు. ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, గోడకు ఆనించిన కొబ్బరి చిప్పలో వేసింది.

“అదెందుకవ్వా?” అంది ప్రీతిక.

“చర్చికి.”

“చర్చి నుంచి వచ్చిందే గదా?”

“అయితే ఏంది? దేవుడు నాకు ఇచ్చినాక నాదే గదా. నాదాంట్లో నుంచి నేను తియ్యొద్దా?”

ప్రీతిక ఆ చిప్పను చాలాసేపు చూసింది.

అన్నం ఉడికింది. అవ్వ మిరియాల చారు పోసి, స్తోత్రం చెప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది.

“ఇది పొన్ని సన్నబియ్యం, పాతది,” అంది. “ఇది రేషన్‌ది. ఇదేమో ఇడ్లీ బియ్యం, ఎవరో తొందరలో డబ్బా మార్చేసినట్టుండారు.”

“ఎట్లా కనుక్కున్నావవ్వా?”

“కళ్ళు పోయినాయి గానీ నాలుక ఉండాది. యాడికీ నడిచిపోలేను. అయినా ఈ బియ్యం వచ్చినప్పుడల్లా అందరి ఇళ్ళలో భోంచేసి వచ్చినట్టే ఉంటాది నాకు.”

ప్రీతిక కూడా కళ్ళు మూసుకుని నమిలి చూసింది. నిజమే. ఒక మెతుకు మెత్తగా కరిగిపోతోంది, ఇంకొకటి పలుకుగా తగులుతోంది. ఇది ఎవరింటిదో, అది ఎవరింటిదో. ఇంట్లో అయితే ఇలాంటి అన్నానికి ఎంత గోల చేసేదో. ఆ సంగతే గుర్తు రాలేదు.

అప్పుడు కటుక్కుమంది.

అవ్వ నమలడం ఆపేసింది. చెంప పట్టుకుంది. ప్రీతిక చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. అవ్వ నోట్లో వేలు పెట్టి ముందు కింది పన్ను తడుముకుంది, తర్వాత పై పన్ను. చివరికి ఒక ఎర్ర పెచ్చును బయటికి తీసింది.

“స్తోత్రం ప్రభువా,” అంది.

“రాయికి కూడానా?” అంది పాస్టరమ్మ.

“రాయికి కాదు. పళ్ళుండబట్టి గదా రాయి తగిలింది. ఈ రెండూ ఇంకా గట్టిగానే ఉండాయి.”

పాస్టరమ్మ నవ్వింది. ప్రీతిక నవ్వలేకపోయింది. ఎడమ గుప్పిట ఇంకా బిగించే ఉంది. మెల్లగా తెరిచి అవ్వ ముందు పెట్టింది.

“అవ్వా, అది మా ఇంటిదే. ఇవి కూడా. బియ్యం నేల పాలైతే ఏరకుండా ఎత్తి వేసినా.”

అవ్వ చెయ్యి చాచి ఆ పిల్ల అరచేతిలోని పెచ్చులను వేలితో తడిమింది.

“అట్లనా,” అంది. “అయితే ఈ పొద్దు మీ ఇంటికి కూడా పొయ్యొచ్చినానన్నమాట. నేల బాగు చేయించమని మీ నాయనకు చెప్పు పాపా.”

తిరిగి వచ్చేటప్పుడు పాస్టరమ్మ తిట్టలేదు. అమ్మకు ఎవరు చెప్పాలని మాత్రం అడిగింది. తానే చెబుతానంది ప్రీతిక. చెప్పింది కూడా. అమ్మ చేట తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది.

సోమవారం ప్రీతిక బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, బియ్యం చేటలో పోసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. కార్తిక ఆడుకోవడానికి పిలిస్తే కొంచెం ఆగమంది. ఒక్కొక్క గింజనూ కదిలించి చూసింది. మంచి బియ్యంలోంచి ముందు పిడికెడు తీసింది. తన గుప్పిట చిన్నదనిపించి, ఇంకోసారి కూడా తీసింది.

ఆ పూట అన్నం కొంచెం అడుగంటింది. మాడు వాసన కంచం దాకా వచ్చింది. అమ్మ ప్రీతిక ముఖం వైపు చూసింది. ప్రీతిక నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుని చేతులు జోడించింది.

నాన్న స్తోత్రం చెప్పాడు. అమ్మ చెప్పింది. ‘అన్నిటికీ స్తోత్రం’ వినబడుతుందని ఇద్దరూ ఎదురు చూశారు.

“మరగతమవ్వ రెండు పళ్ళకు స్తోత్రం,” అంది ప్రీతిక. “అవి విరగనందుకు స్తోత్రం. అవ్వ నాలుకకు స్తోత్రం. ఇడ్లీ బియ్యం మార్చి వేసినోళ్ళకు స్తోత్రం.”

నాన్న ఒక కన్ను తెరిచి అమ్మను చూశాడు. అమ్మ మాట్లాడొద్దని సైగ చేసింది.

ప్రీతిక ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. ఇంకా చాలా ఉన్నాయి.