అవతలి పిడి

డిసెంబరు రెండో వారంలో గ్రోహెల్ దీవికి ఆ ఏటి ఆఖరి పడవ వచ్చింది. రేవు చుట్టూ అప్పటికే పలచగా మంచు పేరుకుంటోంది. ఇంకో రెండు రోజులైతే పడవ రావడం కుదరదు. ఆ మంచు మనిషి నడిచేంత గట్టిపడేదాకా ఉత్తరాలూ రావు. అందుకే సిపాయిల కళ్ళన్నీ బంగాళదుంపల బస్తాల మీదా, తపాలా సంచి మీదా ఉన్నాయి. ఆ బస్తాల వెనక నుంచి నల్ల శాలువా కప్పుకున్న ఆడమనిషి ఒకామె దిగింది. ఆమెను ముందుగా చూసింది ఎవాల్డ్. చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఎవాల్డ్ ఆ దీవి కోటలో మెకానిక్. కోటంటే గోడలూ బురుజులూ ఏమీ లేవు. రాతిలో తొలిచిన నాలుగు గోతులు, గోతికో ఫిరంగి, అంతే. చుట్టుపక్కల దేశాలన్నీ మూడేళ్ళుగా కొట్టుకు చస్తుంటే, స్వీడన్ మాత్రం తలుపు దగ్గర కుక్కని కట్టేసినట్టు సముద్రం ఒడ్డున ఈ ఫిరంగుల్ని పెట్టుకుని కూర్చుంది. ఒక్కోటి పదహారు టన్నుల బరువు. ఓడలకి కనబడకుండా గోతిలో పడుకుని ఉంటాయి. పని పడినప్పుడు లేస్తాయి.

వాటిని లేపడానికి రెండు పిడుల పంపు ఉంది. ఇటొకడు, అటొకడు ఎదురెదురుగా నిలబడి, ఒకడు నొక్కుతుంటే ఇంకొకడు ఎత్తుతూ కొడతారు. ద్రవం గొట్టాల్లోంచి ఫిరంగి కిందున్న సిలిండర్లోకి పోతుంది. అంత ఇనుమూ వెంట్రుకవాసి చొప్పున పైకి వస్తుంది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆ గొట్టాల్లో ఉత్త నీళ్ళు పోస్తే చలికి గడ్డకట్టి గొట్టం పగులుతుంది. అందుకని నీళ్ళలో గ్లిజరినూ స్పిరిటూ కలిపి పోస్తారు.

అసలు చిక్కంతా ఆ స్పిరిటుతోనే వచ్చింది. ఆ ఏడు దేశమంతా సారాయిని రేషను పుస్తకం మీద కొలిచి ఇస్తున్నారు. పుస్తకం లేని సిపాయిలకి చుక్క లేదు. స్పిరిటు డబ్బా తాళం మాత్రం ఎవాల్డ్ దగ్గర ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అతను శరదృతువంతా తాగాడు. తాగినంత మేరా డబ్బాలో నీళ్ళు పోశాడు. నవంబరు తొలి చలికి గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి, గొట్టం కీలు దగ్గర సన్నగా చీలింది. ఎవరూ గమనించలేదు. మర్నాడు, లేపి ఉంచిన ఫిరంగి కింద దూరి గ్రీజు పెడుతున్న ఎవాల్డ్ స్నేహితుడు ఆల్గోట్ మీదికి పదహారు టన్నులూ దిగిపోయాయి.

ఆల్గోట్ మందు ముట్టనని మద్యపాన వ్యతిరేక సంఘంలో ప్రమాణం చేసినవాడు. కోటు మీద ఆ సంఘం గుర్తు నీలి రిబ్బను లేకుండా బయటికి వచ్చేవాడు కాదు. అలాంటివాడి పనిముట్ల పెట్టె ఎవడు సోదా చేస్తాడులే అని ఎవాల్డ్ తన సీసాని అందులో దాచాడు. విచారణకి వచ్చిన ఆఫీసరు మొట్టమొదట తెరిచింది ఆ పెట్టెనే. దొంగే తాగాడు, దొంగే చచ్చాడు అని రాసుకుపోయాడు. ఎవాల్డ్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు లోకంలో. ఆల్గోట్‌కి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

పడవ దిగిన ఆమె ఆల్గోట్ భార్య తూరా.

“ఒరేయ్ మెకానిక్కూ, దిష్టిబొమ్మలా నిలబడ్డావేంట్రా?” అని సార్జెంటు హెడిన్ కేకేశాడు. “మీ ఆల్గోట్ పెళ్ళాం వచ్చింది. ఆ చోటు చూస్తుందట. కెప్టెన్ గారు సరేనన్నారు. నువ్వే తీసుకెళ్ళు. మూడింటికల్లా పడవ కదలాలి, ఆలస్యమైతే పడవవాళ్ళు ఇక్కడే మంచులో ఇరుక్కుని మన తిండికే ఎసరు.”

తప్పించుకునే దారి లేదు. వాళ్ళ పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకుగా నిలబడింది కూడా ఎవాల్డే. ఆ రోజు నుంచీ ఆమె అతన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది.

రెండున్నరకే చీకటి పడుతోంది. మంచు రాళ్ళ మీద జారకుండా చూసుకుంటూ ఇద్దరూ నడిచారు.

“అన్నయ్యా, ఒక్కమాట అడుగుతాను. ఆయన తాగేవాడా?”

ఎవాల్డ్ చూపు రాళ్ళ మీదే ఉంచాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు చెల్లెమ్మా... పోయినవాడి గురించి...”

“అంటే తాగేవాడనేగా.”

కాదని ఒక్కమాట అంటే అయిపోయేది. అనలేదు.

“సంఘం పుస్తకంలో ఆయన పేరు కొట్టేశారు” అంది తూరా. “గోడ మీద ఫోటో తీసేశారు. అది పోనీ. కానీ నాకు ఏడుపు రావటం లేదన్నయ్యా. కోపం వస్తోంది. ఎనిమిదేళ్ళు నా పక్కన పడుకుని నన్ను మోసం చేశాడా అని కోపం. మొగుడు పోతే ఏడవలేని ఆడదాన్ని ఎక్కడైనా చూశారా?”

ఎవాల్డ్ లాంతరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

గోతిలోకి ముప్పై ఒక్క మెట్లు. దిగుతున్నకొద్దీ గాలి చప్పుడు తగ్గిపోయింది. తడిరాయి వాసన, దాని మీద గ్రీజు వాసన, అన్నిటి కిందా గ్లిజరిన్ తియ్యటి వాసన. ఎవాల్డ్ లాంతరుని కొక్కేనికి తగిలించాడు. ఫిరంగి నేలబారున పడుకుని ఉంది. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది.

తూరా ఆ ఇనుము మీద అరచెయ్యి పెట్టింది.

“దీన్ని ఎలా లేపుతారు?”

“ఆ పంపుతో. గొట్టం కొత్తది వేశారు. ఇద్దరు కావాలి.”

“నేనున్నానుగా” అంది. శాలువా నడుముకి బిగించింది. “ఆయన్ని నలిపేసిన దీన్ని ఒక్కసారి నా చేత్తో పైకి లేపాలి. లేపాకే పడవెక్కుతాను.”

ఆమె అవతలి పిడి పట్టుకుంది. అతను ఇవతలిది పట్టుకున్నాడు. నొక్కారు. గొట్టాల్లో గుటక వేసినట్టు చప్పుడైంది. మళ్ళీ నొక్కారు. ఆమెకి అలవాటు లేదు. పిడి అడ్డదిడ్డంగా కదులుతోంది, ఊపిరి ఎగపోస్తోంది. ఫిరంగి బెత్తెడు లేచింది.

అప్పుడు మెట్ల మీదుగా చలిగాలి ఒక్కసారి దిగింది. లాంతరు ఆరిపోయింది.

కటిక చీకటి. పంపు ఆగింది. తన ఊపిరి తనకే వినబడుతోంది. బట్టల రాపిడేదో వినిపించినట్టైంది... అంతే. అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకున్నాడు. లేదు.

“చెల్లెమ్మా, భయపడకు” అన్నాడు మెల్లగా.

జవాబుగా అతని చేతిలో పిడి పైకి లేచింది. అవతలి నుంచి నొక్కారు.

మంచిదే, పట్టుదల మనిషి అనుకున్నాడు. తనూ నొక్కాడు. ఈసారి పిడి తడబడలేదు. నిదానంగా, బలంగా సాగింది. కిందిదాకా నొక్కి, ఓ క్షణం ఆగి, అప్పుడు వదులుతోంది. తోలు వాషరు త్వరగా అరగకూడదని ఆల్గోట్ అలాగే కొట్టేవాడు. ఇంట్లో భార్యకి కూడా ఈ ముచ్చట్లే చెప్పేవాడు కాబోలు అనుకుంటే ఎవాల్డ్‌కి ఏడుపు ముంచుకొచ్చింది.

చీకట్లో ముఖం కనబడదు. బహుశా అందుకే అతనికి నోరు వచ్చింది.

“తాగింది నేను” అన్నాడు.

పిడి లేచింది. ఆగింది. దిగింది.

“సీసా నాది. వాడి పెట్టెలో పెట్టింది నేనే. వాడి పెట్టె ఎవరూ చూడరని... వాడు పోవడానికి వారం ముందే వాడికి దొరికింది. నన్ను తిట్టలేదు చెల్లెమ్మా. కెప్టెన్‌కి చెప్పలేదు. ‘చలి ముదిరేలోగా డబ్బాలో కొత్త స్పిరిటు కలుపు ఎవాల్డ్, నేనిది చూడనట్టే ఉంటా’ అన్నాడు. కలిపేశానని చెప్పాను. అబద్ధం. నా మాట నమ్మి కింద దూరాడు.”

లేచింది. ఆగింది. దిగింది.

“పెట్టె తెరిచినప్పుడు పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇందాక నువ్వు అడిగినప్పుడూ తెరవలేదు. వాడు చుక్క ముట్టలేదు. నీ మొగుడు నీకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. వాడి కోసం ఏడువు చెల్లెమ్మా... నన్ను తిట్టు. ఏదో ఒకటి అను.”

పిడి ఆగిపోయింది.

ఎవాల్డ్ ఎదురుచూశాడు. ఏడుపో, శాపమో వినబడాలి. ఏమీ వినబడలేదు. ఎదుటి మనిషి ఊపిరి కూడా వినబడలేదు. గ్లిజరిన్ వాసన మాత్రం ముఖం మీదికే వస్తున్నట్టుంది. తియ్యగా... చల్లగా...

“తూరా?”

పైనుంచి వెలుగు పడింది. మెట్ల మొదట్లో లాంతరు పట్టుకుని హెడిన్ వంగి చూస్తున్నాడు.

“ఎవాల్డ్! ఇంకా ఇక్కడేం చేస్తున్నావురా? పడవ పోయి పావుగంటయింది!”

“ఆవిడ...”

“ఎక్కేసిందట. పోయేముందు పడవవాడు చెప్పాడు.” హెడిన్ లాంతరు ఇంకొంచెం ముందుకు చాచాడు. అతని గొంతు మారిపోయింది. “ఒరేయ్... ఒక్కడివే దీన్ని ఇంత పైకి ఎలా లేపావు?”

ఎవాల్డ్ తలెత్తాడు. ఫిరంగి గొయ్యి అంచు దాటి లేచి నిలబడి ఉంది. ఇద్దరు బలమైన మగవాళ్ళు అరగంట ఆగకుండా కొడితే తప్ప రాని ఎత్తు అది. పంపుకి అవతలి పక్క ఎవరూ లేరు.

అతని చేతుల్లో పిడి మెల్లగా... పైకి లేచింది.

ఆగింది.

ఎవాల్డ్ ఎలా మెట్లెక్కాడో అతనికే గుర్తు లేదు. రేవు చివరిదాకా పరుగెత్తాడు. పడవ దీపం నల్లటి నీళ్ళ మీద చిన్నదైపోయింది. కేకేసినా అందనంత దూరం. బతుకులో ఒక్కసారి నిజం చెప్పడానికి నోరొస్తే, వినాల్సిన మనిషి అక్కడ లేనేలేదు. ఆమె ఆ కోపంతోనే, ఏడవని కళ్ళతోనే ఇంటికి పోతోంది. అతను మంచు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత నెలన్నరా ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాడు. ‘చెల్లెమ్మకి’ అని రాసి ఆగిపోయేవాడు. ఆ కాగితం పొయ్యిలో వేసేవాడు. చీకటి తెచ్చిన ధైర్యం వెలుగులో మళ్ళీ రాలేదు. ఆ గోతిలోకి దిగమంటే జ్వరమని చెప్పి పడుకునేవాడు.

జనవరి చివర్లో మంచు గట్టిపడింది. మంచు మీద లాగే స్లెడ్జి బండిలో మొదటి తపాలా వచ్చింది. వంటగదిలో అందరూ వేయించిన రై గింజల కాఫీ తాగుతూ ఉత్తరాలు విప్పుకుంటున్నారు. ఎవాల్డ్‌కీ ఒకటి ఉంది. తూరా దస్తూరీ.

“అన్నయ్యకి,

ఆ రోజు మీతో సరిగ్గా మాట్లాడకుండానే పడవెక్కాను. మీరు చెప్పింది విన్నాక నాకు మాట రాలేదు. పడవలో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఇంటికి చేరేదాకా ఏడ్చాను. మా ఆయన కోసం ఏడ్చాను అన్నయ్యా. ఆ ఏడుపు మీరు ఇచ్చిందే.

సంఘంలో అందరి ముందూ నిలబడి ఆయన చుక్క ముట్టలేదని చెప్పాను. పేరు మళ్ళీ రాశారు. ఫోటో మళ్ళీ గోడకి పెట్టారు. మీరు అడిగినట్టే మీ పేరు ఎవరికీ చెప్పలేదు. మిమ్మల్ని క్షమించగలనో లేదో ఇంకా తెలియదు. కానీ నడిచినంతసేపూ ఒక్కటి కూడా దాచకుండా చెప్పారు. అందుకు దండం పెడుతున్నాను.

ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. దీపం ఆరిపోగానే మీరు నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. మీ చెయ్యి ఎంత చల్లగా ఉందో, చీకట్లో మీ ముఖం కూడా కనబడలేదు. పైకి వచ్చాక కూడా కింద పంపు చప్పుడు వినబడుతూనే ఉంది. ఎవరు కొడుతున్నారని అడిగాను. ‘ఎవాల్డ్’ అన్నారు. మనిషి దుఃఖంలో ఉన్నాడు, ఏదో మాట తడబడ్డాడు అనుకున్నాను. రేవు దగ్గర మళ్ళీ అడిగాను. ‘వాడింక పైకి రాడు’ అన్నారు. అని నవ్వారు, ఎంతో ఆప్యాయంగా.

అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఉత్తరం అందగానే ఒక్క ముక్క రాయండి.

అన్నయ్యా, మీరు పైకి వచ్చేశారు కదా?”