శుచికంకణం

చంద్రుడి మీద మూడో తెలుగు కాలనీలో, 2093లో, బాలికల పాఠశాల భోజనశాలలో నలభై కంకణాలు ఒక్కసారిగా అరిచాయి: "ఎంగిలి! ఎంగిలి!"

డాక్టర్ మందాకిని పొంగిపోయింది. అవి ఆమె కనిపెట్టిన శుచికంకణాలు. చేతికి తొడుక్కుంటే చాలు, లోపలి బయోసెన్సర్ తిండి మీది సూక్ష్మజీవుల్ని, పరాయి లాలాజలాన్ని పసిగట్టి గోల పెడుతుంది. వాడిన నీళ్లనే మళ్లీ వడగట్టి తాగే ఊళ్లో ఒక్కరి కడుపు చెడితే ఊరంతా మంచం పట్టాల్సిందే. వారం తర్వాత వచ్చే నిపుణుల సంఘం సరేనంటే కంకణం ప్రతి చేతికీ ఎక్కుతుంది. కాదంటే పదేళ్ల శ్రమ అటకెక్కుతుంది.

శుభ్రత పాఠం పరీక్షలో ఈ తొమ్మిదో తరగతి పిల్లలందరికీ నూటికి నూరు. చేతులు ఇరవై సెకన్లు కడగాలని తడుముకోకుండా చెబుతారు. కడగడం మాత్రం సిలబస్‌లో లేనట్టుంది.

మూడో రోజుకు కంకణాలు నోరు మూసుకున్నాయి. అనుమానమొచ్చి మందాకిని వెళ్లి చూసింది. ఇందుప్రియ అనే పిల్ల జామకాయకు చున్నీ చుట్టి, పైనుంచి కొరికి, విరిగిన ముక్కను పక్కపిల్లకు అందిస్తోంది.

"అదేంటే, ఎంగిలి కాదూ?"

"కాకెంగిలి మేడమ్! గుడ్డ అడ్డం పెట్టాగా, తప్పు లేదు."

"ఇందాక ఆ చున్నీతోనేగా బల్ల తుడిచావు?"

"అది ఆ కొస మేడమ్. ఇది ఈ కొస."

మందాకిని ఆ పిల్ల చేతి కంకణాన్ని నిలదీసింది. "నువ్వెందుకు అరవలేదు?"

"కాకెంగిలి ఎంగిలి కాదని పిల్లలు నచ్చజెప్పారు మేడమ్. నలభై మంది ఒకే మాట చెబితే నేర్చుకోమని నన్ను తయారుచేసింది మీరేగా."

ఆ సాయంత్రమే ఆమె ఆ పాఠం చెరిపేసి, గుడ్డ చాటునున్నా లాలాజలం లాలాజలమేనని కంకణాలన్నిటికీ గట్టిగా నేర్పింది.

సంఘం వచ్చింది. అధ్యక్షురాలు త్రిపురాంబ గారు నలభై ఏళ్లు సూక్ష్మజీవశాస్త్రం బోధించిన మనిషి. ఇందుప్రియ మర్యాదగా జామకాయ ఇచ్చింది.

"నేనొక్కదాన్నే తింటానుటే పిల్లా?" అంటూ ఆవిడ కాయకు పట్టుకొంగు చుట్టి, కటుక్కున కొరికి, సగం ముక్క ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"ఎంగిలి! ఎంగిలి!" భోజనశాల దద్దరిల్లింది.

త్రిపురాంబ గారి ముఖం కందగడ్డయింది. "నా ఎంగిలి పిల్లకు పెడతానటమ్మా? కాకెంగిలని ఆమాత్రం తెలీదూ దీనికి?"

సంఘంలోని మిగతా నలుగురు శాస్త్రవేత్తలూ తలలూపారు. నివేదికలో ఒకటే వాక్యం రాశారు: 'పరికరానికి శుచి గురించి కనీస పరిజ్ఞానం లేనందున తిరస్కరించడమైనది.'