కూత ఆపాక వెలిగిన దీపం

సెలవు రోజు మిల్లులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అందుకే చెవుల పరీక్షలు చేసే ఆవిడ ఆ మధ్యాహ్నాన్నే ఎంచుకుని, తన పెట్టె మిషన్ని నూలు గదిలో బల్ల మీద పెట్టింది. ఆ మిషను ఆమె చేతికి కొత్త. అంతకుముందు దాన్ని మోసుకు తిరిగినాయన చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేశాడు. ఈ రోజుల్లో మనుషులకి నిలకడ ఎక్కడేడిసింది అనుకుందామె.

కుర్చీలో కూర్చున్నది సొంత అన్నయ్యే. ఇరవై ఏళ్లు మగ్గాల హోరులో పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఏదో ఒక చెవిలో కాస్త ప్రాణం మిగిలుంటే వినికిడి మిషను పెట్టించవచ్చు. లేదంటే ఇక జీవితాంతం ఇంతే. వదిన గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"ఏదో కాస్తయినా ఉందని చెప్పమ్మా."

"నా చేతుల్లో ఏముంది వదినా? మిషను ఏం చెబితే అదే."

అన్నయ్య వీపు తనవైపు ఉండేలా కుర్చీ తిప్పింది. చెయ్యి కదలడం చూసి బటన్ నొక్కేసే మహానుభావులు చాలామందే ఉంటారు మరి. అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో బటన్ పెట్టింది. మిషను పంపే కూత వినబడితే నొక్కాలి. నొక్కితే మిషను మీద పచ్చ దీపం వెలుగుతుంది.

ముందు కుడి చెవికి కూత పంపింది. పెంచింది. చివరిదాకా పెంచింది. దీపం వెలగలేదు. ఎడమ చెవిదీ అదే కథ. కూత ఆపేసింది.

దీపం వెలిగింది.

ఊహించి నొక్కేవాళ్లని పట్టుకోడానికి ఒక పద్ధతుంది. ఏమీ పంపకుండా ఊరుకోవడమే. ఊరుకుంది. మళ్లీ వెలిగింది. కూత పంపితే లేదు. ఆపగానే... వెలిగింది.

అలాంటి నొక్కుళ్లు లెక్కలోకి రావని నిద్రలో లేపి అడిగినా చెబుతుందామె. కానీ ఎదురుగా ఉన్నది తోడబుట్టినవాడు. కాగితం మీద ఎడమ చెవి గుర్తులన్నీ పై గీతకి ఆనించి వేసేసింది. ఆ గీతంటే పసిపిల్లలకుండే వినికిడి.

"ఎడమ చెవి ఉంది వదినా."

వదిన ఏడ్చేసింది.

ఏం వినిపించిందని రాసి చూపిస్తే, అన్నయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరో ఊపిరి తీస్తున్నారే. మధ్యమధ్యలో బిగబడుతున్నారు. బాగా దగ్గరగా..."

తను వేసిన దొంగ గుర్తులు నిజమే అయితే బాగుండునన్న ఆశతో, ఆమె హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకి పెట్టుకుంది. ఏమీ లేదు. ఏమీ లేదు... తర్వాత ఎడమ పక్క, సన్నగా, ఊపిరి. తడిగా. ఇంకా దగ్గరగా...

హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేసింది. పడ్డ చప్పుడు లేదు. వదిన పెదాలు కదులుతున్నాయి. మాట లేదు. చెవిలో ఊపిరి మాత్రం ఇంకా ఉంది.

మొగుడికి వినిపించిందేదో తనూ విందామనుకుందో ఏమో, వదిన కళ్లు తుడుచుకుని వచ్చి, అతన్ని లేపి కుర్చీలో కూర్చుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

"వద్దు వదినా..."

అన్నాననే అనుకుంది. గొంతు బయటికొచ్చిందో లేదో తెలియలేదు.

వదిన తిరిగి చూడలేదు. తల కాస్త ఎడమకి వంచి, ఎవరి మాటో శ్రద్ధగా విని, సరేనన్నట్టు ఊపింది.